బతికున్న మనిషికి పెట్టిన శోకం

స్టేజీ మీద ఎవడు నిజంగా వాయిస్తున్నాడో, ఎవడు వాయిస్తున్నట్టు నటిస్తున్నాడో మా వీడియోవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జనం పాట వింటారు, నేను వేళ్ళు చూస్తాను. మదనపల్లె చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ జాతరలకూ, ఈ మధ్య చావులకు కూడా వీడియో తీసి బతుకుతున్నవాణ్ణి. పేరు ముద్దుకృష్ణ. పేరుకు తగ్గ నోరు కాదని మా ఇంట్లో వాళ్ళే అంటారు. ఏమైనా మునికుమార్ సంగతి చెప్పాలంటే నేనే చెప్పాలి, మొదటినుంచీ చూసింది నేనే కాబట్టి.

మునికుమార్‌ది పుంగనూరు. నాకంటే చిన్నవాడు, అందుకే వాడు అంటున్నాను. తండ్రి చింతపండు మండీలో మూటలు మోసేవాడు. పదో తరగతి తప్పాక మదనపల్లెలో రేడియోలు బాగుచేసే అంగట్లో పనికి చేరాడు. ఆ అంగడి మేడమీద రాజేంద్ర ఆర్కెస్ట్రా సాధన చేసేది. రాజేంద్ర కీబోర్డు వాయించేవాడు, ఆయన భార్య మాలతి పాడేది. వాడు గిటారు నేర్చుకున్నది ఆ మేడమీదే. నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టు వెళ్ళిపోకుండా అక్కడే ఉండిపోయాడు. పదిహేనేళ్ళకు పైగా ఆ గ్రూపులో గిటారంటే వాడే. కుప్పం నుంచి తంబళ్ళపల్లె దాకా ఏ ఊరి తిరునాళ్ళకైనా వాళ్ళే కావాలనేవాళ్ళు. మాలతి గొంతు అటువంటిది. ఆమె పాడుతుంటే ముందు వరసలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు జోకొట్టడం కూడా మరిచిపోయేవాళ్ళు.

కరోనా రెండో ఏడు మాలతి పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి కూడా తీసుకురాలేదు, అటునుంచి అటే తీసుకుపోయారు. రాజేంద్ర గేటు బయట నిలబడి చూశాడంతే. ఎవరూ దగ్గరికి పోలేదు, పోతామన్నా పోనిచ్చే రోజులు కావు. ఊరంతా తలుపులు వేసుకుని ఉంది. ఆ ఇంట్లో చావు జరిగిందని పక్కవీధికి తెలియడానికే వారం పట్టింది.

మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాక రాజేంద్ర ఒక లాప్‌టాప్ పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. పాటలన్నీ అందులోనే ఉండేవి, గొంతు మాలతిదే. ఎప్పటెప్పటి రికార్డింగులో వెతికి, శుభ్రం చేయించి పెట్టుకున్నాడు. గ్రూపువాళ్ళు వెనక నిలబడి వాటితో పాటు వాయించాలి. ఒక పిల్ల మైకు పట్టుకుని పెదవులు కదపాలి. ఖర్చు తగ్గించుకోవడానికని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని నాలుగు మాటలు ఎక్కువే అన్నాను.

కురబలకోట దగ్గర ఒక పెళ్ళిలో, పాట మధ్యలో మునికుమార్ గిటారు తీగ తెగింది. వాడు చెయ్యి పైకెత్తేశాడు. స్పీకర్లలో గిటారు మాత్రం ఆగలేదు, హాయిగా సాగిపోయింది. అది కూడా వాడు ఎప్పుడో మాలతి పక్కన కూర్చుని వాయించిందే. ఇన్ని నెలలుగా తన వాయింపే జనానికి వినిపిస్తోందనుకుని చెమటలు కక్కినవాడు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి స్పీకర్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడి గిటారు స్పీకర్లలోకి పోకుండా రాజేంద్ర సౌండు మిక్సర్‌లో మూసేశాడన్నమాట. ముందున్న జనంలో ఒక్కడికీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది, నా కెమెరాలో వాడి మొహం నిండుగా ఉంది.

దిగాక అడిగాడు, ఎందుకిట్లా చేశావని. రాజేంద్ర తల ఎత్తకుండా వైర్లు చుట్టుకుంటూ, "ఆమె గొంతుకు అడ్డమొస్తాండాదిరా నీ గిటారు" అన్నాడు. పదిహేనేళ్ళ పొత్తు ఆ ఒక్క మాటతో తెగిపోయింది. మునికుమార్ గిటారు భుజాన వేసుకుని నడిచాడు. బస్సులో నా పక్కన కూర్చుని, "సచ్చినామె గొంతు బతికింది, బతికిన నా సెయ్యి సచ్చింది" అన్నాడు. ఆ తరువాత రాజేంద్ర పిలవలేదు, వీడు పోలేదు.

పుంగనూరు తిరిగొచ్చి మిక్సీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న అంగడి పెట్టుకున్నాడు. గిటారు మేకుకు తగిలించి ఉండేది. వాడి భార్య పల్లవి నాకు ఫోను చేసి, మనిషి ఇంట్లోనే ఉండాడు గానీ ఇంట్లో లేడన్నా అని బాధపడింది.

అప్పుడు సోమల దగ్గర వాళ్ళ బంధువుల పల్లెలో ఒక ముసలాయన పోయాడు. వీడియోకు నన్ను పిలిచారు, మునికుమార్ కూడా వచ్చాడు. అక్కడ శోకం పెట్టింది మునెమ్మ. వాడికి అత్త వరస, తోటల్లో టమోటా కాయలు కోసే కూలిపని. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ళు ఏం తిన్నారో, ఏం కష్టపడ్డారో, ఎవరికి ఏం పెట్టారో అన్నీ అందులో చెబుతారు. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా మునెమ్మ రావలసిందే. ఆమె గొంతు ఒక స్వరం దగ్గర మొదలై ఇంకొక స్వరం దాకా జారుతూ పోతుంది, మధ్యలో ఎక్కడా మెట్టు ఉండదు. మునికుమార్ పాడె పక్కన నిలబడి, ఎడమచేత్తో కుడి మణికట్టును గిటారు మెడలా పట్టుకుని, దాని మీద వేళ్ళు అటూ ఇటూ జరుపుతున్నాడు. వీడికి ఏం పట్టిందిరా అనుకున్నాను.

మరుసటి వారం కుప్పం అబ్బాయి ప్రతాప్ ఒక ఆంప్లిఫయర్ రిపేరుకు తెచ్చాడు. రోజూ రైల్లో బెంగుళూరు పోయి ఉద్యోగం చేసుకుని వచ్చే కుర్రవాడు, సెలవుల్లో డ్రమ్స్ వాయిస్తాడు. ఆంప్లిఫయర్ పనిచేస్తోందో లేదో చూడడానికి మునికుమార్ గిటారు తగిలించి, తీగను వేలితో పక్కకు తోస్తూ మునెమ్మ రాగం వాయించాడు. ప్రతాప్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఇది బ్లూస్" అన్నాడు.

"ఇది ఏడుపు" అన్నాడు మునికుమార్.

రెండూ ఒకటేనని ప్రతాప్ చాలాసేపు చెప్పాడు. ఎక్కడో దూరదేశంలో పత్తిచేలల్లో పనిచేసిన నల్లవాళ్ళు తమ దుఃఖాన్ని అట్లా పాడుకున్నారని, వాళ్ళ పిల్లలు దానికి కరెంటు గిటారు కలిపారని, ఆ తరువాతివాళ్ళు గట్టి డ్రమ్స్ కలిపి ఇంకా పెద్ద గొంతు చేశారని ఫోనులో ఒక్కొక్కటీ వినిపించాడు. మునికుమార్ అన్నీ విని, వాళ్ళకు కూడా ఒక మునెమ్మత్త ఉండిందన్నమాట అన్నాడు. సొంతంగా ఒక బ్యాండు పెట్టాలన్న ఆలోచన ఆ రోజే పుట్టింది. నలభై దాటినవాడికి ఇదేం బుద్ధి అని నేను అన్న మాట నిజమే. కానీ మేకుకున్న గిటారు కిందికి దిగిందని పల్లవి దేవుడికి దండం పెట్టుకుంది, నేను నోరు మూసుకున్నాను.

ప్రతాప్ స్నేహితురాలు దీప బేస్ గిటారుకు వచ్చింది, ఆమెది కూడా కుప్పమే. సాధనకు పుంగనూరులో ఒక ఖాళీ చింతపండు గోడౌను దొరికింది. గొంతు మాత్రం మునెమ్మదే కావాలని మునికుమార్ పట్టుబట్టాడు. సోమల పోయి ఎట్లాగో ఒప్పించి తెచ్చాడు. తీరా వచ్చాక ఆమె మైకు ముందు నిలబడి నోరు విప్పలేదు.

"సావు లేకుండా ఏడిస్తే, ఆ ఏడుపు సావును ఎతుక్కుంటాది నాయనా. ఎవరికి ఏడ్సేదో సెప్పు, ఏడుస్తా" అంది.

దాంతో మా సాధనకు ఒక పద్ధతి ఏర్పడింది. ప్రతిసారీ ఎవరో ఒకరు పోయినవాళ్ళ పేరు చెప్పాలి. ఎవరు, నీకేమవుతారు, ఏం పనిచేసేవాళ్ళు, ఏమంటే ఇష్టంగా తినేవాళ్ళు అని ఆమె అడుగుతుంది. కాసేపు కళ్ళు మూసుకుని మొదలుపెడుతుంది. మిగతావాళ్ళు ఆమె వెంట పోవాలి. ప్రతాప్ తన తాత పేరు ఇచ్చాడు, దీప తన అవ్వ పేరు ఇచ్చింది. ఒకరోజు పేర్లు తక్కువై, చచ్చిపోయిన మా ఎనుము పేరు చెప్పాను. మునెమ్మ నవ్వలేదు, పూటకు ఎన్ని పాలిచ్చేదని అడిగింది. ఆ పాట వింటూ నేను ఏడ్చాను, ఎవరేమనుకున్నా సరే.

కుప్పంలో ఒక కాలేజీ వాళ్ళు తమ వార్షికోత్సవానికి పిలిచారు. మొదటి ప్రోగ్రాం. బ్యాండుకు ఏ పేరు పెట్టాలో తేలకముందే వాళ్ళు 'మునికుమార్ అండ్ పార్టీ' అని, భజన బృందానికి వేసినట్టు పోస్టరు వేసేశారు. వాడు ఆ పోస్టరును అంగట్లో అంటించుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లో మదనపల్లె నుంచి ఒక కబురొచ్చింది. రాజేంద్ర వీడి చోట్లో ఒక కుర్రాణ్ణి నిలబెట్టాడని, వాడికి గిటారు పట్టుకోవడం కూడా రాదని, ఆ గిటారుకు తీగలే లేవని. కబురు విన్నరోజు సాధనలో పేరు చెప్పే వంతు మునికుమార్‌ది.

"రాజేంద్ర" అన్నాడు.

మునెమ్మకు ఆ పేరుగల మనిషి తెలియదు. ఎప్పుడు పోయినాడని అడిగింది. నాకు పోయి ఏడాదయింది అన్నాడు వాడు. కోపం అట్లా మాట్లాడించింది. ఆమె దాన్ని మామూలు జవాబుగానే తీసుకుంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె ఎప్పటిలాగే అడుగుతూ పోయింది, నీకేమవుతాడు, నీకేం చేసినాడు అని. అప్పుడొక విచిత్రం జరిగింది. తిట్టడానికి నోరు తెరిచినవాడు తిట్టలేకపోయాడు. అన్న అవుతాడన్నాడు. మొదటి గిటారు ఆయనదేనన్నాడు, నీ చేతిలో పలికితే చాలురా అని ఇచ్చేశాడన్నాడు. తీగలు కోసుకుని వేళ్ళు పుండ్లు పడితే అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టాడన్నాడు. నాయన పోయినప్పుడు పాడె ఒక కొమ్ము ఆయనే మోశాడన్నాడు. 

మునెమ్మ ఎత్తుకుంది.

"సేతికి సెక్కనిచ్చి దారి సూపినావు గదా నా తండ్రీ,
దారి మద్దెన సెయ్యిడిసి యాడికి పోతివి నా తండ్రీ..."

మునికుమార్ ఆ రోజు వాయించినట్టు అంతకు ముందు ఎప్పుడూ వాయించలేదు. తీగ అరిచినచోట అరిచింది, ఆగిపోయినచోట ఊపిరి కూడా వినిపించింది. డ్రమ్స్ పల్లెల్లో చావుకు కొట్టే పలక దెబ్బలా పడ్డాయి. ఇన్నేళ్ళలో నేను తీసిన వీడియోల్లో ఇదీ అని చూపించుకోగలిగింది అదొక్కటే. ప్రతాప్ దాన్ని ఫోనులో ఎక్కించుకుని, 'రాజేంద్రకు శోకం' అని పేరు పెట్టి, పిల్లచేష్టగా తన స్నేహితులకు పంపాడు. వాళ్ళు ఇంకొకరికి పంపారు. నాలుగు రోజుల్లో మదనపల్లె అంతా చూసింది.

రాజేంద్ర ఇంటికి పూలదండలతో మనుషులు వచ్చారట. తలుపు తీసింది ఆయనే. తల మీద కాకి తన్నిందా ఏమప్పా అని పెద్దవాళ్ళు అడిగారట. మావైపు అదొక నమ్మకం, కాకి తల తన్నితే కీడని, ఆ మనిషి పోయినట్టు చుట్టాలకు దొంగకబురు పంపుతారు. వాళ్ళు ఏడిస్తే కీడు పోతుంది, ఆ తరువాత నిజం చెబుతారు. రాజేంద్ర అవునని గాని కాదని గాని అనకుండా దండలు తీసుకుని లోపల పెట్టుకున్నాడట.

సోమలకు కూడా ఆ సంగతి చేరింది. నువ్వు ఏడ్చిన మనిషి మదనపల్లెలో నిక్షేపంగా ఉండాడని ఎవరో మునెమ్మ మొహం మీదే అన్నారు. ఆమె గోడౌనుకు వచ్చి గడప దాటకుండా నిలబడింది.

"తెలిసి సేసినావా ముని?" అని అడిగింది. వాడు తలవంచుకున్నాడు.

"బతికుండేవానికి ఏడిపించినావు నా సేత. ఆ మనిషిని తెచ్చి నా ముందర కూర్సోబెట్టు. ఆయన్ని నా కంటితో సూసేదాకా నేను నోరు తెరవను. కుప్పానికి గాదు, మా అన్న సచ్చినా తెరవను."

మునెమ్మ లేకపోతే బ్యాండు లేదు. ఆమెకు బదులు దీపను పాడమందామని ప్రతాప్ నసిగితే మునికుమార్ ఒప్పుకోలేదు. ఒక గొంతు బదులు ఇంకొకటి పెట్టుకునేవాణ్ణయితే మదనపల్లెలోనే ఉండేవాణ్ణి కదా అన్నాడు. బ్యాండుకంటే కూడా ఆమె నోరు మూయించానన్న దిగులు వాణ్ణి ఎక్కువగా తిన్నది. ఆ పల్లెల్లో చావుకు ఎవరు ఏడవాలి ఇక?

నా బండి మీదే మదనపల్లె పోయాం. రాజేంద్ర వరండాలో కూర్చుని ఉన్నాడు, సగం చిక్కిపోయాడు. మునికుమార్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పి, తప్పయిందన్నా, ప్రోగ్రాం రోజు కుప్పం వచ్చి ఒక్కసారి ఆమె కంటపడు అన్నాడు. 

"నేను సచ్చినానని ఇన్ని సెప్పినావే. ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కటన్నా సెప్పినావా?" అన్నాడు రాజేంద్ర.

"నువ్వడిగినావా అన్నా" అన్నాడు మునికుమార్.

అంతే. వస్తాననలేదు, రాననలేదు. కాఫీ ఇచ్చి పంపించాడు. దారి పొడుగునా వాడు నా వీపుకు నుదురు ఆనించుకుని ఉన్నాడు. నేను కూడా ఆ రోజు నోరు పారేసుకోలేదు.

ప్రోగ్రాం రోజు పొద్దున్నే వ్యానులో బయలుదేరాం. మునెమ్మ వచ్చింది. వస్తా గానీ పాడనని ముందే చెప్పింది, మాటిచ్చినాక రాకుండా ఉండడం ఆమెకు చేతకాదు. బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరాం. కాలేజీ మైదానంలో స్టేజీ కట్టారు. మధ్యాహ్నం దాటింది, పిల్లలు కుర్చీలు వేసుకుంటున్నారు. మునికుమార్ స్టేజీ వెనక గిటారు పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. ప్రోగ్రాం లేదని కాలేజీవాళ్ళకు చెప్పేద్దామని ప్రతాప్ రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ వాడు కూర్చోమన్నాడు.

ఎండ వాలే వేళకు రాజేంద్ర వచ్చాడు. బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, చెప్పులనిండా దుమ్ము. నేరుగా మునెమ్మ ముందుకు పోయి నేల మీద కూర్చున్నాడు. ఆమె ఆయన్ని తేరిపార చూసింది. తన డబ్బాలోని రాగి సంగటి ముద్ద తుంచి చేతిలో పెట్టి, తినమంది. ఆయన తిన్నాడు. నీళ్ళిచ్చింది, తాగాడు. అప్పుడు గాని ఆమెకు ఊపిరి ఆడలేదు.

"బతికే ఉండావు. నూరేండ్లుండప్పా" అంది. డబ్బా మూత పెట్టి, "అయితే నా నోట్లోనించి వచ్చిన ఏడుపును మింగేదానికి లేదు. దానికి ఒక మనిషిని సూపించాల" అంది.

రాజేంద్ర చేతికి ఇంకా సంగటి అంటుకునే ఉంది.

"నా పెండ్లానికి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. "ఆమెకు ఎవరూ ఏడ్సలేదు. నేను గూడా ఏడ్సలేదు."

మునికుమార్ చేతిలోని గిటారు నేలకు ఆనింది. ఆయన ఎవరినీ చూడకుండా చెప్పుకుపోయాడు. ఆ గొంతు ఆగిపోతే ఆమె నిజంగా పోయినట్టేనని భయమట. అందుకే ప్రతి పెళ్ళిలోనూ ఆమె చేత పాడించాడట. పక్కన ఏది గట్టిగా వినిపించినా ఆమె చిన్నగా వినిపించేదట. అందుకే వీడి గిటారు మూసేశాడట. ఇదంతా ఖర్చుకోసమని నేను ఊరంతా చాటిన మాట గుర్తొచ్చి నా మొహం నాకే నచ్చలేదు.

మునెమ్మ మామూలుగా అడిగేవన్నీ అడిగింది. మాలతికి ఏమంటే ఇష్టమని అడిగితే, చింతచిగురు పప్పు అన్నాడు ఆయన. గొంతు బాగుండాలని ప్రోగ్రాం రోజుల్లో పులుపు తినేది కాదని మునికుమార్ అందుకున్నాడు. ఒకరు మరిచింది ఇంకొకరు చెప్పారు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఇద్దరూ ఆమెతోనే చెప్పారు.

స్టేజీ ఎక్కాక మునికుమార్ రెండు తీగలు మీటాడు, మునెమ్మ ఎత్తుకుంది. "పులుపు మాని పాట పాడిన నా కూతురా..." అని. ముందు కాలేజీ పిల్లలు ఫోన్లు ఎత్తుకుని అరిచారు, రెండో చరణానికి ఫోన్లు దిగిపోయాయి. మైదానం పక్కన హాస్టలు వంటశాల ఉంది. అక్కడ గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు చేతులు కడుక్కుని గట్టు మీదికి వచ్చారు. మావైపు శోకం వినిపించాక ఏ ఆడమనిషీ ఊరికే నిలబడదు. పోయినామె ఎవరో వాళ్ళకు తెలియదు. అయినా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని రాగం కలిపారు. మదనపల్లెలో ఒక్కరు కూడా గుమ్మం దాటి రాని మాలతికి, కుప్పంలో అంతమంది ఏడ్చారు.

రాజేంద్ర ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మొదట కదలలేదు. డ్రమ్స్, బేస్ తగ్గిపోయి గిటారు ఒక్కటే మిగిలినచోట, ఆయన మోకాళ్ళలో తల పెట్టుకుని, పసిపిల్లవాడిలా గొంతెత్తి ఏడ్చాడు. పాట ముగించాల్సిన చోటికి వచ్చేసిందని ప్రతాప్ సైగ చేశాడు. మునెమ్మ ముగించలేదు. చావింట్లో దగ్గరి మనిషి ఏడుపు ఆగకముందే శోకం ఆపడమన్నది ఆమెకు తెలియదు. మునికుమార్ ప్రతాప్‌ను చూడలేదు, జనాన్నీ చూడలేదు. స్టేజీ అంచు దాకా వచ్చి, రాజేంద్ర ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళు ఆగి ఉన్న ఏడుపు తొందరగా తీరేది కాదు. ఆయన తల ఎత్తేదాకా వాడు వాయిస్తూనే ఉన్నాడు.